కాటా చీటీకీ రిపోర్టుకీ పడటం లేదా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఐదింటిది ఒకటే బాధ. పవర్ బీఐలో (డేటాని రిపోర్టులుగా చూపించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) రిపోర్టు చేశాం, అంకె ఇక్కడ ఒకలా, అక్కడ ఇంకోలా వస్తోంది, ఏది నమ్మాలో తెలియడం లేదు అని. ఐదూ గోదావరి జిల్లాల నుంచే రావడం యాదృచ్ఛికమో, మనవాళ్లకి లెక్క దగ్గర పట్టుదల ఎక్కువో తెలియదు గానీ, ఫోన్లు, ప్రింటర్ల ప్రశ్నలన్నీ వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర రొయ్యలు కొని ప్రాసెసింగ్ ప్లాంట్లకి పంపే వ్యాపారం అండి. నేను అకౌంట్స్ చూస్తాను. వీడియోలు చూసి పవర్ బీఐ నేర్చుకుని, ఓనర్‌గారు ఫోన్‌లో చూసుకునేలా ఒక రిపోర్టు చేశాను. అందులో కిలో సగటు ధర 300 చూపిస్తోంది, మా గుమస్తాగారు కాగితం మీద వేస్తే 348 వచ్చింది. ఆకివీడు కొనుగోలు పాయింట్ ఒక్కటే సెలెక్ట్ చేస్తే మాత్రం ఇద్దరిదీ ఒకటే. రైతుల సంఖ్యా అంతే, నాలుగు పాయింట్లవీ కలిపితే 212, కింద టోటల్‌లో 187. పైగా ఓనర్‌గారు తెల్లవారుజామున నాలుగున్నరకి చూస్తే ‘ఈరోజు కొనుగోలు’ దగ్గర నిన్నటి అంకె ఉంటోంది, నేను ఎనిమిదింటికి చూస్తే బాగానే ఉంటోంది. ఫార్ములా మూడుసార్లు మార్చాను. ‘నీ కంప్యూటర్ కంటే మా గుమస్తా నయం’ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. (పేరు వద్దన్నారు, భీమవరం)

జవాబు: ముందు ఫార్ములా మార్చడం ఆపండి. మీవి మూడు వేర్వేరు సమస్యలు, అందులో ఒకటి అసలు సమస్యే కాదు, మూడింటినీ ఒకే తప్పు అనుకుని ఒకే చోట తవ్వుతున్నారు కాబట్టి దొరకడం లేదు.

సగటు ధర సంగతి చూద్దాం. మీరు డేటా టేబుల్‌లో ప్రతి వరుసకీ ‘విలువ భాగించు కిలోలు’ అని ఒక కాలమ్ కట్టి, రిపోర్టులో దానికి యావరేజ్ పెట్టి ఉంటారు. అందరూ అదే చేస్తారు, నేనూ చేశాను. లెక్క తేలిగ్గా ఉండాలని రోజుకి రెండే లాట్లు అనుకుందాం. ఆకివీడులో 40 కౌంట్ (కిలోకి 40 వచ్చే) రొయ్య 9,000 కిలోలు, కిలో 360. భీమవరంలో 100 కౌంట్ 1,000 కిలోలు, కిలో 240. మీ రిపోర్టు 360నీ 240నీ కలిపి రెండుతో భాగించి 300 అంది. మీ గుమస్తాగారు మొత్తం ఇచ్చిన డబ్బు 34,80,000ని మొత్తం కిలోలు 10,000తో భాగించి 348 అన్నారు. ఓనర్‌గారి జేబులోంచి వెళ్లింది ఆయన చెప్పిన లెక్కే. తొమ్మిది టన్నుల లాట్‌కీ ఒక టన్ను లాట్‌కీ మీ యావరేజ్ ఒకే ఓటు ఇచ్చింది, అంతే. ఆకివీడు ఒక్కటే చూస్తే సరిపోవడానికి కారణం అక్కడ ఆ రోజు ఒకే ధర ఉండటం. ఒకే ధర ఉన్న చోట ఏ పద్ధతిలో వేసినా అదే వస్తుంది, అందుకే ఈ తప్పు ముక్కలు ముక్కలుగా పరీక్షించినప్పుడు అస్సలు బయటపడదు.

ఆ కాలమ్ తీసేసి ఒక మెజర్ రాయండి: డివైడ్ (సమ్ (విలువ), సమ్ (కిలోలు)). కాలమ్‌కీ మెజర్‌కీ తేడా ఇక్కడే తెలుస్తుంది. కాలమ్ డేటా రిఫ్రెష్ అయినప్పుడు ఒకసారి వరుస వరుసకీ లెక్కగట్టుకుని కూర్చుంటుంది, మీరు పాయింట్ మార్చినా నెల మార్చినా ఆ వరుసల్లో అంకెలు కదలవు. మెజర్ మీరు స్క్రీన్ మీద ఏది నొక్కితే దానికి తగ్గట్టు అప్పటికప్పుడు మళ్లీ లెక్క వేస్తుంది. టేబుల్‌లో పది వరుసలుంటే పదిసార్లు, కింద టోటల్‌కి పదకొండోసారి. టోటల్ అంటే పై పదీ కూడగా వచ్చింది కాదు, దానికది వేరే లెక్క. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా ఉత్తరాలు కూడా సగం అర్థమవుతాయి.

కౌంట్‌కి కూడా యావరేజ్ పెట్టే ఉంటారు, అదీ చూసుకోండి. పై రెండు లాట్లకీ మీ పద్ధతిలో సగటు 70 కౌంట్ వస్తుంది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు అని కదా, 9,000 కిలోల్లో 3,60,000, వెయ్యి కిలోల్లో లక్ష, మొత్తం 4,60,000 రొయ్యలు, పది వేల కిలోలు, అంటే 46. డెబ్బై కౌంట్ రొయ్య ఆ రోజు ఎవరి చెరువులోనూ పడలేదు. ప్లాంట్ వాళ్లు ఆ రిపోర్టు చూసి ‘మీరు చిన్న సైజు పంపుతున్నారేంటి’ అని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు.

రైతుల సంఖ్య దగ్గర మీ రిపోర్టుదే కరెక్టు. 212కి 25 తక్కువ రావడమేమిటని కంగారు పడ్డారు గానీ, ఒకే రైతు ఈ వారం ఉండి ఊరి పాయింట్‌లోనూ పై వారం ఆకివీడులోనూ ఇచ్చి ఉంటాడు. పెళ్లిలో అటూ ఇటూ చుట్టమైన మనిషి పేరు రెండు వైపుల లిస్టులోనూ ఉంటుంది, విస్తరి మాత్రం ఒకటే వేస్తారు. డిస్టింక్ట్‌కౌంట్ (ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారే లెక్కించే ఫంక్షన్) విస్తళ్లు లెక్కపెడుతుంది. ఓనర్‌గారికి కావలసింది ‘ఎంతమంది రైతులు’ అయితే 187 ఉంచండి, ‘ఎన్నిసార్లు రొయ్య వచ్చింది’ అయితే బిల్లులు లెక్కపెట్టే ఇంకో మెజర్ పక్కన పెట్టి రెండిటికీ పేర్లు విడివిడిగా రాయండి. దయచేసి 187ని బలవంతంగా 212 చేసే ఫార్ములా మాత్రం రాయకండి, అలాంటివి కూడా నెట్‌లో దొరుకుతాయి.

ఇక తెల్లవారుజాము సంగతి. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే ఆఫీసు పదింటికి తెరిచే ఊళ్లో అయితే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. మీ ల్యాప్‌టాప్‌లో టుడే (ఈరోజు తేదీ ఇచ్చే ఫంక్షన్) అంటే మీ ల్యాప్‌టాప్ గడియారం. అదే రిపోర్టు పబ్లిష్ చేశాక టుడే అంటే సర్వర్ గడియారం, అది యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. అంటే మన దగ్గర పొద్దున్న 5:30 దాకా దానికింకా నిన్నే. ఓనర్‌గారు నాలుగున్నరకి చూస్తే నిన్న, మీరు ఎనిమిదింటికి చూస్తే ఈరోజు. టుడే బదులు యూటీసీనౌ తీసుకుని దానికి 5.5/24 కలిపి, ఇంట్ అనే ఫంక్షన్‌తో సమయం కోసేసి తేదీ ఒక్కటే ఉంచుకోండి, ల్యాప్‌టాప్‌లోనూ ఫోన్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది. దీన్ని మెజర్‌లోనే రాయండి, కాలమ్‌లో రాస్తే రిఫ్రెష్ అయిన రోజు దగ్గరే ఆగిపోతుంది. డేటా ఇంపోర్ట్ పద్ధతిలో (రిపోర్టులోకి కాపీ చేసుకునే పద్ధతి) ఉంటే రిఫ్రెష్ టైములు కూడా చూడండి. ప్రో లైసెన్స్‌లో రోజుకి ఎనిమిదిసార్లే షెడ్యూల్ చేసుకోవచ్చు, అందులో ఒకటి నాలుగింటికి పెట్టండి, అన్నీ ఆఫీసు టైముల్లో పెడితే ఓనర్‌గారికి పాతదే కనిపిస్తుంది.

దీనికి తోకలా ఇంకొకటి ఉంది, అది కంప్యూటర్ తేల్చేది కాదు. రాత్రి పదకొండున్నరకి పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) మొదలైతే కొన్ని క్రేట్లు 11:40కి కాటా ఎక్కుతాయి, మిగతావి ఒంటిగంటకి. ఒకే చెరువు, ఒకే రైతు, రెండు తేదీలు. గుమస్తాగారు అదంతా ఒకే రోజు కింద రాస్తారు, మీ రిపోర్టు రెండుగా చీలుస్తుంది. మీ వ్యాపారంలో రోజు ఎన్నింటికి మొదలవుతుందో ఓనర్‌గారినే అడిగి, ఆయన మధ్యాహ్నం పన్నెండు అంటే పన్నెండు, ఆ ప్రకారం ‘కొనుగోలు రోజు’ అని వేరే తేదీ కాలమ్ కట్టుకోండి. నేను కొన్నేళ్ల కిందట ఒక ఎగుమతి కంపెనీలో ఇలాంటి తేడా కోసం రెండు రాత్రులు ఫార్ములాలు తిరగేశాను, మూడోరోజు పొద్దున్న కాటా దగ్గర కుర్రాడు టీ తాగుతూ ‘రాత్రి లాట్లు మేం ముందురోజులోనే రాస్తామండి’ అన్నాడు. అంతే, అయిపోయింది.

మళ్లీ ఇలాంటిది వస్తే పెద్ద అంకె దగ్గర మొదలుపెట్టకండి. ఖాళీ పేజీలో రంగులూ గ్రాఫులూ లేని టేబుల్ ఒకటి పెట్టి, విలువ, కిలోలు, ధర మూడూ పక్కపక్కన వేసి, ఒక పాయింట్, ఒక రోజు, ఒక రైతు దాకా కుదించి కాటా చీటీతో పోల్చండి. అక్కడ సరిపోతే రోజంతా, తర్వాత వారం, తర్వాత అన్ని పాయింట్లూ. ఎక్కడ విడిపోయిందో తప్పు అక్కడుంది. అన్నట్టు ఫిల్టర్ల పేన్ కూడా తెరిచి చూడండి, విజువల్‌కి (ఒక్క టేబుల్‌కో గ్రాఫ్‌కో), పేజీకి, అన్ని పేజీలకి మూడు అరలు ఉంటాయి, ఎప్పుడో పరీక్షకి పెట్టి మర్చిపోయిన ఫిల్టర్ ఆ మూడో అరలో హాయిగా నిద్రపోతూ ఉంటుంది.

ప్రశ్న: పాలకొల్లులో రొయ్యల మేత ఏజెన్సీ మాది. సేల్స్‌మన్‌కి నెలకి 400 బస్తాలు దాటితే దాటిన ప్రతి బస్తాకీ పది రూపాయలు ఇన్సెంటివ్. ముగ్గురికీ విడివిడిగా 2,000, సున్నా, 500 అని సరిగ్గానే చూపిస్తోంది, కింద టోటల్ మాత్రం 9,500. పవర్ బీఐకి కూడికలు రావా? (ఏజెన్సీ యజమాని, పాలకొల్లు)

జవాబు: వచ్చు సార్, కానీ మీరు కూడమనలేదు. మీ వాళ్లు 600, 300, 450 బస్తాలు అమ్మి ఉంటారు. టోటల్ వరుసలో ఏ సేల్స్‌మన్ పేరూ ఉండదు, అందుకని మెజర్‌కి అక్కడ 1,350 బస్తాలు అమ్మిన ఒకే పెద్ద మనిషి కనిపించాడు. 1,350లో 400 తీసేసి 950కి పదేసి చొప్పున 9,500 ఇచ్చేసింది. దాని తప్పేం లేదు, అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పింది.

‘సేల్స్‌మన్లని ఒక్కొక్కరినే తీసుకో, ఎవరిది వాళ్లకి లెక్కగట్టు, తర్వాత కూడు’ అని చెప్పాలి. దానికి సమ్‌ఎక్స్ అని ఉంది, సమ్‌ఎక్స్ (వాల్యూస్ (సేల్స్‌మన్), [ఇన్సెంటివ్]) అని కొత్త మెజర్ రాసి టేబుల్‌లో దాన్ని పెట్టండి, 2,500 వస్తుంది. కానీ మీ స్కీమ్ నెలవారీ కదా, మూడు నెలలు కలిపి చూసినప్పుడు మళ్లీ ఇదే గొడవ. మూడు నెలల బస్తాలు కలిపేసి ఒక్కసారే 400 తీసేస్తుంది, మీ చెయ్యి జేబులోకి వెళ్తుంది. కాబట్టి సేల్స్‌మన్‌తో పాటు నెలని కూడా ఒక్కొక్కటిగా తీసుకునేలా సమ్మరైజ్‌తో రెండూ కలిపి ఇవ్వండి, నెల అంటే ఏడాదితో సహా, లేకపోతే పోయినేడు జూన్, ఈ ఏడు జూన్ ఒకటైపోతాయి. పరిమితి, స్లాబ్, ‘దాటితే’ అనే మాట ఉన్న ఏ లెక్కకైనా టోటల్ దగ్గర ఇది తప్పదు.

ప్రశ్న: తణుకు దగ్గర రైస్‌మిల్లులో చేస్తాను. వేబ్రిడ్జి నుంచి వచ్చే ఫైల్‌ని లోడ్ చేసి నెలవారీగా ధాన్యం, బియ్యం, దిగుబడి శాతం చూపిస్తున్నాను. డిసెంబర్‌లో దిగుబడి 110 శాతం అంటోంది! మా మిల్లులో ఏదో మహిమ జరుగుతోందని అందరూ నవ్వుతున్నారు. (పాఠకురాలు, తణుకు)

జవాబు: నవ్వనివ్వండి, నవ్వించిన అంకె కాబట్టే దొరికిపోయింది. ప్రభుత్వానికి ఆడించి ఇచ్చే బియ్యానికి లెక్క వంద కిలోల ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68. అది మీ చేతిలో ఉన్న కొలబద్ద. 110 కాకుండా 71 వచ్చి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, భయపడాల్సింది అలాంటి వాటికే.

డిసెంబర్‌లో బియ్యం సరిగ్గా ఉండి ధాన్యం తగ్గింది. మీ వేబ్రిడ్జి తేదీని మనలాగే రోజు ముందు, నెల తర్వాత రాస్తుంది. మీ కంప్యూటర్ అమెరికా అలవాటులో నెల ముందు చదువుతోంది. డిసెంబర్ 5న దిగిన సార్వా (ఖరీఫ్) ధాన్యం 05/12 అని వస్తే దాన్ని మే 12 అని చదివింది, మేలో దాళ్వా (రబీ) ధాన్యం వస్తూనే ఉంటుంది కాబట్టి అందులో కలిసిపోయి ఎవరి కంటా పడలేదు. మరి డిసెంబర్ 13 నుంచి? పదమూడో నెల లేదు కాబట్టి అవి ఎర్రర్లు అయ్యాయి, లోడ్ అయ్యేటప్పుడు తేదీ ఖాళీ అయిపోయి ఏ నెలలోనూ చేరకుండా గాల్లో ఉన్నాయి. లోడ్ అయ్యాక ‘ఇన్ని ఎర్రర్లు’ అని చిన్న అక్షరాల్లో చూపిస్తుంది, ఎవరూ చదవరు. పవర్ క్వెరీ (పవర్ బీఐలో డేటాని లోడ్ చేసి సరిచేసే భాగం) మామూలుగా మొదటి 200 వరుసలు చూసి కాలమ్ రకం నిర్ణయించేస్తుంది, మీ ఫైలు ఒకటో తారీకు నుంచి మొదలవుతుంది, కోతల రోజుల్లో 200 ట్రాక్టర్లు మొదటి వారంలోనే దిగిపోతాయి, అన్నీ 12 లోపు తేదీలే కాబట్టి దానికి అనుమానం రాలేదు.

పవర్ క్వెరీలో కుడివైపు స్టెప్పుల్లో ‘చేంజ్‌డ్ టైప్’ అని దానంతటదే పెట్టుకున్నది ఉంటుంది, ముందు దాన్ని తీసేయండి, అది ఉండగా పైన ఏం చేసినా చెడిపోయిన తేదీల మీదే చేసినట్టు. తర్వాత తేదీ కాలమ్ మీద రైట్ క్లిక్, చేంజ్ టైప్, యూజింగ్ లొకేల్, ఇంగ్లిష్ (ఇండియా). తీసేసిన స్టెప్పుతో బరువుల కాలమ్‌ల రకం కూడా పోతుంది, వాటిని మళ్లీ నంబర్ చేసుకోండి.

ఇది బాగుపడ్డాక కూడా నెలవారీ దిగుబడి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, అప్పుడు మళ్లీ ఉత్తరం రాయకండి. డిసెంబర్‌లో కొన్న ధాన్యం ఎండబెట్టి ఆడేసరికి జనవరి వస్తుంది, పైన ఒక నెల బియ్యం, కింద ఇంకో నెల ధాన్యం పెట్టి భాగిస్తే శాతం ఎలా నిలబడుతుంది? ఏ లాట్ ధాన్యానికి ఆ లాట్ బియ్యం, లేదా సార్వా మొత్తానికి ఒకటి, దాళ్వాకి ఒకటి వేయండి.

ప్రశ్న: అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. రిపోర్టులో పార్టీల వారీ అమ్మకాలు కూడితే టోటల్ కంటే మూడు లక్షలు తక్కువ. (ఒక పాఠకుడు)

జవాబు: ఖాళీ పేరుతో ఒక వరుస ఉంటుంది, అది బాగా కనిపించడం లేదని మీరో ఇంకెవరో విజువల్ ఫిల్టర్‌లో టిక్ తీసేసి ఉంటారు, టోటల్ కార్డ్‌లో మాత్రం ఆ ఫిల్టర్ లేదు. ఆ మూడు లక్షలూ పార్టీల జాబితాలో పేరు లేని కోడ్‌లవి. ఒక ఫైల్లో 0045, ఇంకోదాంట్లో 45 అని ఉంటుంది, లేదా కొత్త పార్టీని బిల్లులో ఎక్కించి జాబితాలో మర్చిపోయారు. ఆ ఖాళీని మళ్లీ పైకి తెచ్చి, దాని వెనకున్న బిల్లుల కోడ్‌లు చూసి ఒక్కొక్కటే సరిచేయండి.

ఎవరైనా జాబితానీ బిల్లులనీ కలిపే లింకు గురించి ‘రిలేషన్‌షిప్‌ని బోత్ చేయి, సరిపోతుంది’ అంటే వినకండి. మామూలుగా ఫిల్టర్ జాబితా నుంచి బిల్లుల వైపు మాత్రమే పారుతుంది, ధవళేశ్వరం నుంచి కాలువ నీళ్లు పంట చేలకి దిగినట్టు. బోత్ పెడితే ఉప్పుటేరుకి పోటు వచ్చినట్టు వెనక్కి కూడా ఎక్కుతుంది, ఎక్కడ ఏది ఏమేం తడిపిందో తర్వాత ఎవరూ చెప్పలేరు. పైగా ఆ మూడు లక్షలకి పార్టీ పేరు అప్పుడూ రాదు.

ప్రశ్న: రావులపాలెంలో అరటి కమీషన్ కొట్టు. రిపోర్టుకీ పుస్తకానికీ 4,500 తేడా వస్తే ‘రౌండింగ్ తేడా’ అని ఒక వరుస ఎంట్రీ వేసి సరిచేశాను. తప్పంటారా?

జవాబు: తప్పే, ఇవాళే తీసేయండి. రౌండింగ్ తేడా ఉంటుంది, కాదనను. స్క్రీన్ మీద పైసలు దాచేసి రూపాయలే చూపిస్తే, కనిపించే అంకెలు చేత్తో కూడినప్పుడు టోటల్‌కి కాస్త తేడా వస్తుంది. కానీ ఒక్కో వరుసకి మహా అయితే అర్ధరూపాయి. మీ దగ్గర 120 వరుసలున్నా 60 రూపాయలు దాటదు. 4,500 రౌండింగ్ ఎలా అవుతుంది?

పాత గుమస్తాల చిట్కాలు రెండు చెబుతాను, పవర్ బీఐ రాకముందువి, ఇప్పటికీ పనిచేస్తాయి. తేడాలో సగం 2,250, సరిగ్గా అంతకి రిటర్న్ బిల్లు ఒకటుందేమో చూడండి, మైనస్ పడాల్సింది ప్లస్ పడితే తేడా రెట్టింపు అవుతుంది. అది కాకపోతే, 4,500 తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది, అంటే ఎంట్రీ కొట్టేటప్పుడు పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చు, 7,200ని 2,700 అని కొట్టినట్టు. ముందు వీటికోసం వెతికి, ఏది దొరికిందో రాయండి.